గుండు పెరిగితే గోడ తరుగుతుంది

రివాల్వర్ సిలిండరులోని గదులను పెద్దవి చేసి, దానికి తగిన గొట్టం బిగిస్తే పెద్ద తూటా పడుతుంది. ఇందులో మర్మమేమీ లేదు. అమెరికాలో ఈ పని దాదాపు నూటయాభై ఏళ్లుగా జరుగుతోంది. కొందరు నిపుణులు దీన్ని ఒక కళ స్థాయికి తీసుకెళ్లారు కూడా. నా అభ్యంతరం ఈ పని మీద కాదు, ఇది పూర్తయ్యాక జరగాల్సింది జరగకపోవడం మీద. ఒక పీడనానికి, ఒక కొలతకు తయారైన ఆయుధాన్ని మరో కొలతకు మార్చినప్పుడు, మార్చినవాడూ సొంతదారూ కాని మూడో మనిషి దాన్ని ఎక్కువ పీడనంతో పేల్చి చూసి, ముద్ర వేసి, కాగితం ఇవ్వాలి. యూరప్ దేశాలు చాలాకాలంగా ఈ పద్ధతి పాటిస్తున్నాయి. ప్రపంచంలో పౌరుల చేతుల్లో అత్యధికంగా తుపాకులున్న అమెరికాలో మాత్రం అలాంటి పరీక్షను తప్పనిసరి చేసే చట్టం లేదు. ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు యంత్రం సంగతి. సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ప్రతిసారీ హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగాలి. అప్పుడు సిలిండరు ఒక గది మేర తిరుగుతుంది. ట్రిగ్గర్ చేసేదల్లా ఆ హ్యామర్‌ను వదలడమే. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ ఈ కోవకు ఆద్యం అనుకునేంతగా పేరుపొందింది. పాశ్చాత్య సినిమాల్లో కౌబాయ్ నడుముకు వేలాడేది అదే. పక్కకు తెరుచుకునే సిలిండరు లేకపోవడం వల్ల దాని చట్రం చుట్టూ మూసుకుని ఉంటుంది, గట్టిగా ఉంటుంది. విడిభాగాలు తక్కువ. ఊడదీయడం తేలిక. మార్పులు చేసేవాళ్లు మొదట దీనివైపే చూడటానికి కారణం అదే. కానీ చట్రం గట్టిదైనంత మాత్రాన సిలిండరు గట్టిదైపోదు. తూటా పేలేటప్పుడు పీడనాన్ని చుట్టూరా భరించేది సిలిండరు గోడే. ఆ గోడకు ఉన్న మందం, చట్రంలో సిలిండరుకు వదిలిన ఖాళీని బట్టి మొదటిరోజే తేలిపోయింది. తర్వాత వచ్చిన ఏ పనివాడూ ఆ ఖాళీని పెంచలేడు.

లెక్క చూడండి. .357 మాగ్నం తూటా తొడుగు అడుగున 0.379 అంగుళం ఉంటుంది. .45 కోల్ట్ తూటాది 0.480 అంగుళం. ఉన్న సిలిండరులోనే గదిని ఒకదాన్నుంచి రెండోదానికి పెంచితే వ్యాసం అంగుళంలో పదో వంతు పెరుగుతుంది. అంటే బయటి గోడ దాదాపు ఒకటింపావు మిల్లీమీటరు పలచనవుతుంది. గదికీ గదికీ మధ్యనున్న గోడ రెండు వైపులా కోతపడి దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు తరుగుతుంది. సిలిండరు గోడలను మిల్లీమీటర్లలోనే కొలుస్తారు కాబట్టి ఇది చిన్న కోత కాదు. రంధ్రం పెద్దదైతే అదే పీడనం గోడను ఎక్కువగా సాగదీస్తుంది, గోడ పలచనైతే ఇంకా ఎక్కువగా సాగదీస్తుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. వెనక్కి తోసే బలం సంగతి వేరే. అది తొడుగు వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, పీడనం మారకపోయినా .357 నుంచి .45కు మారేసరికి దాదాపు అరవై శాతం ఎక్కువవుతుంది. ఆ తోపుడంతా చట్రం మోయాలి. దీనికి తోడు సిలిండరును నిలిపే కొక్కెం కోసం చెక్కిన గాట్లు ఉంటాయి. ఆరు గదుల సిలిండరులో ఒక గది పైన గొట్టానికి ఎదురుగా ఉన్నప్పుడు ఇంకో గది సరిగ్గా కింద, కొక్కెం పడేచోట ఉంటుంది. కాబట్టి గాటు గది గోడ మీదే పడుతుంది. గోడలో అన్నిటికన్నా పలచని చోటు అదే.

ఈ లెక్కను శరీరాన్ని పణంగా పెట్టి నేర్చుకున్నవాడు ఎల్మర్ కీత్. అమెరికా పశ్చిమాన గుర్రాల మీద, పశువుల మధ్య బతికి, తుపాకుల గురించి జీవితాంతం రాసిన మనిషి. 1925లో ఆయన తన .45 కోల్ట్‌లో రైఫిల్ కోసం చేసిన బరువైన గుండుతో, దట్టించిన మందుతో తూటాలు పేల్చాడు. ఒక తూటాకు సిలిండరులో మూడు గదుల పైసగం, దాని మీదుగా పోయే చట్రం పట్టీ ఎగిరిపోయాయి. ఆ సంగతి ఆయనే పత్రికలో రాశాడు. అప్పటి తుపాకిరాయుళ్లలో మందు దట్టించడంలో ఆయన్ను మించినవాళ్లు తక్కువ. అయినా అలా జరిగింది. ఆ తర్వాత ఆయన చేసిన పని గమనించదగ్గది. శక్తి కావాలన్న కోరిక వదులుకోలేదు, పెద్ద రంధ్రం మాత్రం వదులుకున్నాడు. .45 పక్కనపెట్టి .44 స్పెషల్‌కు మారాడు. అదే చట్రంలో, అదే సిలిండరు కొలతలో రంధ్రం కొంచెం చిన్నదైతే గోడ కొంచెం మందంగా మిగులుతుంది, ఆ మందంలోనే శక్తికి చోటుంది అన్నది ఆయన తీర్పు. మూడు దశాబ్దాల పాటు ఆయన చేసిన ప్రచారం ఫలితంగానే 1955 చివర్లో స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కలిసి .44 మాగ్నం తెచ్చాయి. పెద్ద గుండు కోసం అంతగా తపించినవాడు చిన్న రంధ్రాన్ని ఎంచుకోవడం కన్నా గట్టి సాక్ష్యం ఈ వాదనకు ఇంకేం కావాలి?

కంపెనీలూ ఇదే దారిలో నడిచాయి. స్టర్మ్ రూగర్ 1955లో .357 బ్లాక్‌హాక్ తెచ్చింది. పాత కోల్ట్ కొలతకు దగ్గరగా ఉండే చట్రం అది. మరుసటి ఏడాదే .44 మాగ్నం బ్లాక్‌హాక్ తేవాలనుకున్నప్పుడు ఉన్న చట్రంలో పెద్ద రంధ్రాలు వేసి సరిపెట్టుకోవడానికి పరీక్షలు ఒప్పుకోలేదు. చట్రాన్నీ సిలిండరునూ పెద్దవి చేయాల్సి వచ్చింది. సొంత కర్మాగారం, సొంత ఇంజినీర్లు ఉన్న సంస్థకే ఆ మార్పు కాగితం మీద తేలలేదు, పేల్చి చూస్తే తేలింది. డిక్ కాసుల్ .454 కోసం, ఆ తర్వాత వయోమింగ్‌కు చెందిన జాన్ లైన్‌బా 1980ల్లో .500, .475 తూటాల కోసం వెళ్లిన దారి కూడా ఇదే. వీళ్లు పాత ఆరు గదుల సిలిండరును తొలవలేదు. గట్టి ఉక్కుతో చట్రంలో పట్టినంత లావున కొత్త సిలిండరు చేశారు, అందులో ఐదే గదులు పెట్టారు. ఒక గది తగ్గితే గోడలన్నీ మందమవుతాయి. ఇంకో మేలు కూడా ఉంది. ఐదు గదులైతే పైన ఒక గది ఉన్నప్పుడు కింద రెండు గదుల మధ్య నిండు ఉక్కు ఉంటుంది. గాటు దాని మీద పడుతుంది. నాకు ఈ పరిష్కారం చాలా అందంగా అనిపిస్తుంది. ఒక తూటా తక్కువైనా ఫరవాలేదని ఒప్పుకున్న పనితనం అది.

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవాల్సిన అభ్యంతరం ఒకటుంది. మార్పులన్నీ పీడనాన్ని పెంచేవి కావు. నిజానికి ఎక్కువమంది ముచ్చటపడేది పాత .357 బ్లాక్‌హాక్‌ను .44 స్పెషల్‌కు మార్చుకోవడం. .357 మాగ్నంకు అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. .44 స్పెషల్‌కు 15,500. గది పెద్దదైనా పీడనం సగానికి పైగా పడిపోతుంది కాబట్టి, వెనక్కి తోసే బలం కూడా మూడోవంతుకు పైగా తగ్గుతుంది. గోడ పలచనైనా లెక్క కుదురుతుంది. మరి అలాంటి రివాల్వర్‌కు పరీక్ష ఎందుకని అడిగేవాళ్ల మాట తోసిపుచ్చదగ్గది కాదు. ప్రమాణాల మేరకు నింపిన తూటా వేసినంతకాలం, పని శుభ్రంగా చేసినంతకాలం, వాళ్లు చెప్పేది సరైనదే.

కానీ ఆ రెండు షరతులనూ కాపాడేది ఎవరు? .44 స్పెషల్ తొడుగు పొడవు 1.16 అంగుళాలు, .44 మాగ్నంది 1.285. రెండిటి లావూ ఒకటే. మాగ్నంను కావాలనే పొడుగు చేశారు, పాత రివాల్వర్లలో పట్టకూడదని. అంటే ఒక ప్రాణరక్షణ ఏర్పాటు మొత్తం అంగుళంలో ఎనిమిదో వంతు మీద ఆధారపడి ఉంది. తొలిచే పనిముట్టు ఆ కాస్త ఎక్కువ లోతుకు దిగితే, 36,000 పౌండ్ల తూటా 15,500 పౌండ్ల గదిలో సుఖంగా కూర్చుంటుంది. బయటినుంచి చూసేవాడికి తేడా తెలియదు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. గదిలో కొలత కడ్డీ పెట్టి చూసే శిక్షణ పొందిన మనిషి ఒకరుంటే చాలు. ఆ మనిషి ఉండితీరాలని ఏ చట్టమూ అనడం లేదు.

.45 కోల్ట్ విషయంలో ఈ పొడవు రక్షణ కూడా లేదు. దాని ప్రామాణిక గరిష్ఠ పీడనం 14,000 పౌండ్లు. నల్లమందు కాలం నుంచి వచ్చిన తూటా కాబట్టి, పాత తుపాకులను దృష్టిలో పెట్టుకుని అంత తక్కువగా ఉంచారు. అయితే పెద్ద చట్రం రూగర్ రివాల్వర్లు దానికి రెట్టింపు పీడనాన్ని తట్టుకుంటాయని తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్ల కోసం వచ్చే పుస్తకాలు రూగర్‌కు మాత్రమే అంటూ విడిగా పట్టికలు వేస్తాయి. పొడవూ లావూ అచ్చంగా ఒకటే, లోపలి మందు వేరు. ఇప్పుడు ఒక పాత మధ్యస్థ చట్రం రూగర్‌ను ఎవరో .45కు మార్చారనుకోండి. గొట్టం మీద .45 కోల్ట్ అనీ, చట్రం మీద రూగర్ అనీ ఉంటుంది. పుస్తకంలో రూగర్‌కు పనికొచ్చేదని ఉంటుంది. మూడూ అక్షరాలా నిజమే. మూడూ కలిపి చదివిన మనిషి చేతిలో రివాల్వర్ పగలొచ్చు. ఈ ప్రమాదం అజాగ్రత్తవల్ల వచ్చేది కాదు. జాగ్రత్తగా చదివేవాడికే ఎక్కువగా ఎదురయ్యేది. ఈ మార్పిడి చేసినవాడికి ఆ సంగతి తెలుసు, మొదటి సొంతదారుకూ తెలుసు. వాళ్ల తర్వాత దాన్ని కొన్న మూడోవాడికి, వారసత్వంగా అందుకున్న కూతురికి ఎలా తెలుస్తుంది? రివాల్వర్ మనిషికన్నా ఎక్కువకాలం బతుకుతుంది. చేతులు మారేకొద్దీ జ్ఞాపకం చెరుగుతుంది, ఉక్కు మీద కొట్టిన ముద్ర చెరగదు.

ముద్ర కొట్టే ఏర్పాటు కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. లండన్ తుపాకి పనివాళ్ల సంఘానికి 1637లోనే రాజపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. పరీక్ష ముద్ర లేని తుపాకిని అమ్మడం అక్కడ నేరం. ఒకసారి పరీక్ష నెగ్గిన తుపాకినైనా బలం తగ్గేలా మారిస్తే పాత ముద్ర చెల్లదు, మళ్లీ పరీక్షకు పంపాల్సిందే. 1997 తర్వాత బ్రిటన్‌లో చేతితుపాకులు దాదాపుగా నిషేధమయ్యాయి, అయినా రైఫిళ్లకూ షాట్‌గన్లకూ ఈ నియమం నడుస్తూనే ఉంది. 1914లో బెల్జియం చొరవతో మొదలైన అంతర్జాతీయ సంఘం, 1969 ఒప్పందం ద్వారా సభ్యదేశాలన్నిటికీ ఒకే ప్రమాణం పెట్టింది. రివాల్వర్లను గరిష్ఠ పీడనం కన్నా కనీసం 30 శాతం ఎక్కువతో పేల్చి చూస్తారు. అమెరికాలో 1926 నుంచి ఉన్న పరిశ్రమ సంఘం కూడా పీడన ప్రమాణాలు చక్కగా రాసింది, పరీక్ష తూటాల లెక్కలూ ఇచ్చింది. పేరున్న కంపెనీలు వాటిని పాటిస్తాయి కూడా. కానీ అది స్వచ్ఛందం. కర్మాగారం గేటు దాటాక, ఒక చిన్న దుకాణంలో మారిన రివాల్వర్ దగ్గరకు ఆ ప్రమాణం నడిచి రాదు.

అధిక పీడన పరీక్షే ఆయుధాన్ని దెబ్బతీస్తుందనీ, కంటికి కనపడని చీలిక తెచ్చి పెడుతుందనీ కొందరు నిపుణులు వాదిస్తారు. కొట్టిపారేయలేని మాటే. అందుకే పరీక్షాలయాల్లో పేల్చడానికి ముందూ తర్వాతా కొలతలు తీస్తారు, లోపాలు వెతుకుతారు. సరిగ్గా తయారైన సిలిండరు 30 శాతం అదనపు పీడనానికి సాగి మళ్లీ తన కొలతకు రావాలి. రాకపోతే అది పరీక్ష చేసిన హాని కాదు, పరీక్ష బయటపెట్టిన లోపం. ఆ లోపం మనిషి చేతిలో, ముఖానికి రెండడుగుల దూరంలో బయటపడటం కన్నా, ఇనుప పెట్టె లోపల బయటపడటం మేలు. ఇక ఇలాంటి ప్రమాదాలు అరుదన్న వాదన. మంచి పనివాళ్ల చేతుల్లో అరుదే. అయితే ఉక్కు అలసట మొదటి తూటాకు కనపడదు. వందసార్లు పేలిన రివాల్వర్ నూటొకటోసారి కూడా అలాగే పేలుతుందన్న హామీ, ఆ వందసార్లూ గోడ ఏ మేరకు సాగిందో కొలిస్తేనే వస్తుంది. కొలవకుండా చెప్పే భరోసా నమ్మకం మాత్రమే.

స్వేచ్ఛ పేరుతో వచ్చే అభ్యంతరం అమెరికాలో అన్నిటికన్నా బలమైనది. నా రివాల్వర్, నా డబ్బు, నా చేయి, మధ్యలో ప్రభుత్వమెందుకని. ఆయుధం ఉంచుకునే హక్కు గురించి అక్కడ జరిగే పెద్ద చర్చలోకి నేను వెళ్లడం లేదు, ఈ వాదనకు దాని అవసరం లేదు. ఎవరు ఏ తుపాకి కొనాలో, ఏ తూటాకు మార్చుకోవాలో పరీక్షాలయం చెప్పదు. మార్చినది తట్టుకుంటుందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. పగిలిన సిలిండరు ముక్క సొంతదారు చేతినే వెతుక్కుంటూ పోదు. గురి నేర్చుకునే మైదానంలో పక్క బల్ల దగ్గర నిలబడ్డవాడు ఆ మార్పిడికి ఒప్పుకున్నవాడు కాదు. అతని క్షేమం కోసం ఒక కొలత, ఒక ముద్ర అడగడం ఎవరి హక్కునూ హరించదు.

అమెరికా చట్టంలో ఈ ఖాళీ యాదృచ్ఛికం కూడా కాదు. అక్కడ వినియోగదారుల వస్తువుల భద్రతను చూసే సంఘానికి ఉయ్యాల మీద, ఇస్త్రీపెట్టె మీద అధికారం ఉంది, తుపాకుల మీద లేదు. 1972 నాటి చట్టమే వాటిని దాని పరిధి నుంచి తప్పించింది. లోపం ఉన్న రివాల్వర్‌ను వెనక్కి రప్పించమని ఆదేశించే శక్తి ఆ సంఘానికి లేదు. అంతా తయారీదారు మనస్సాక్షికి వదిలేశారు. మనస్సాక్షి పనిచేసిన సందర్భాలు లేకపోలేదు. 1973కు ముందు తయారైన తన సింగిల్ యాక్షన్ రివాల్వర్లు కిందపడితే పేలే ప్రమాదం ఉందని, రూగర్ 1982 నుంచి వాటికి ఉచితంగా కొత్త భద్రతా భాగాలు బిగించి ఇస్తోంది. తీసేసిన పాత భాగాలను కూడా సొంతదారుకు తిరిగి పంపుతుంది. అంతకు శతాబ్దం ముందు, సిలిండరు గదులను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తొలిచే పద్ధతి మీద రోలిన్ వైట్‌కున్న పేటెంటు 1869లో ముగిశాక, కోల్ట్ తన పాత మందుపొడి రివాల్వర్లను తన కర్మాగారంలోనే లోహపు తూటాలకు మార్చింది. సైన్యం తన రివాల్వర్లను మార్పించుకున్నది కూడా అక్కడే. చేసినవాడే మార్చి, తన పేరుతో బాధ్యత మోసిన ఉదాహరణలు ఇవి. బయటి దుకాణంలో గదులు తొలిచిన రివాల్వర్‌కు ఆ బాధ్యత ఎవరిదో చెప్పే ముద్ర లేదు.

మన దేశంలో సింగిల్ యాక్షన్ రివాల్వర్లను మార్చే అలవాటు లేదు. కాన్పూర్ ఆయుధ కర్మాగారం పౌరులకు అమ్మే రివాల్వర్ .32 బోరుది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకిని మార్చడానికీ, బాగుచేయడానికీ, పరీక్షించడానికీ కూడా లైసెన్సు ఉండాలి. ఒక వర్గం ఆయుధాన్ని ఇంకో వర్గానికి మార్చడాన్ని 2019 సవరణ ప్రత్యేకంగా కట్టడి చేసింది. కాబట్టి ఈ సమస్య మన గుమ్మంలో లేదు. కానీ సమస్య వెనకున్న సూత్రం మనకు బాగా తెలుసు. పెట్రోలు కారుకు సీఎన్‌జీ కిట్ పెట్టించుకుంటే ఆమోదం పొందిన కిట్టే వాడాలి, రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కించాలి, గ్యాస్ సిలిండరును మూడేళ్లకోసారి నీటి పీడనంతో పరీక్షించాలి. మెకానిక్ ఎంత గట్టివాడైనా అతని మాటతో సరిపెట్టుకోం. రెండిట్లోనూ ప్రశ్న ఒకటే. పీడనం భరించే ఒక పాత్రను అమ్మకం తర్వాత మార్చారు, అది తట్టుకుంటుందని ఎవరు సంతకం పెడతారు?

నేను కోరేది పెద్ద వ్యవస్థ కాదు. గది కొలత గానీ పీడనం గానీ మారే ప్రతి మార్పిడికీ ఒక స్వతంత్ర పరీక్ష, చట్రం మీద పరీక్ష ముద్ర, ఏ పీడనం వరకు చెల్లుతుందో తెలిపే అంకె. పరీక్షకయ్యే ఖర్చు మార్పిడి ఖర్చుతో కలిపి సొంతదారు భరించాలి. ఐదు గదుల సిలిండరు చేసే స్థాయి పనివాళ్లకు దీనివల్ల నష్టం ఉండదు. తమ పనితనం మీద ప్రభుత్వ ముద్ర పడితే వాళ్ల విలువ పెరుగుతుంది. ఇబ్బంది పడేది పాత సిలిండరునే తొలిచి, లెక్క చూడకుండా అప్పజెప్పేవాళ్లు. వాళ్లు ఇబ్బంది పడటమే కావాలి. అమెరికా కాంగ్రెస్ ముందుకు రాకపోతే రాష్ట్రాలైనా మొదలుపెట్టవచ్చు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు ఎవరైనా సెకండ్‌హ్యాండ్ సింగిల్ యాక్షన్ రివాల్వర్ కొనబోతుంటే చేయాల్సింది ఒకటుంది. అది ఏ తూటాకు తయారైందో సీరియల్ నంబరు చెప్పి తయారీదారును అడగండి. గొట్టం మీద ఉన్నది దానితో కలవకపోతే మార్చినవారి పేరు, చేసిన పని వివరాలు, అది ఏ పీడనం వరకు తట్టుకుంటుందో రాతలో అడగండి. ఆ రాత చూపలేకపోతే దాన్ని కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే, అర్హత ఉన్న తుపాకి నిపుణుడు కొలిచి చూసేదాకా ఒక్క తూటా కూడా పేల్చకండి.